కొండచీపురు గడ్డి: తరచుగా అడిగే ప్రశ్నలు

అరకు, పాడేరు, చింతపల్లి వైపు కొండవాలులో చీపురు గడ్డి వేయాలనుకునే రైతులు, అడవిలో కోసుకొచ్చి సంతలో అమ్మే కుటుంబాలు, పట్నంలో కొత్త చీపురు కొని ఇల్లంతా పొట్టేనని విసుక్కునేవారు: అడిగేవారు వేరైనా అడిగేవి తిరిగి తిరిగి అవే. అందుకే అన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గర మొదలుపెట్టి అక్కడితో ఆపేసినా నష్టం లేదు. కోతకు సంబంధించిన జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి. ఈ గడ్డి విషయంలో లాభమైనా నష్టమైనా తేలేది అక్కడే.

## మొక్క సంగతి

ఇంట్లో వాడే మెత్తని చీపురు అసలు ఏ మొక్క నుంచి వస్తుంది?

కొండచీపురు గడ్డి పూగుత్తి నుంచి. శాస్త్రీయ నామం థైసనోలేనా లాటిఫోలియా. పాత పుస్తకాల్లో థైసనోలేనా మాక్సిమా అని కనిపిస్తుంది. రెండూ ఒకటే మొక్క. వరి, చెరకు, వెదురు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. తన ప్రజాతిలో మాత్రం ఒంటరి, తోబుట్టువు జాతి ఏదీ లేదు. బహువార్షికం కాబట్టి ఏటా విత్తాల్సిన అవసరం లేదు. పైన ఎండిపోయినా కింద దుంప బతికే ఉండి, వానలకు మళ్లీ పిలకలు వేస్తుంది. కాడ ఎత్తు మనిషిని దాటి 3 మీటర్ల వరకూ పోతుంది. ఒక్కో కాడ చివర ఒకే ఒక పూగుత్తి వస్తుంది. మనం ఊడ్చేది దానితోనే.

దీనికి మొదట్లో శాస్త్రీయ నామం పెట్టినవారిలో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానవనానికి వెళ్లే ముందు ఆయన చాలా ఏళ్లు మన సామర్లకోటలో పని చేశారు.

ఇది మన దేశపు మొక్కేనా? బయటి నుంచి తెచ్చారని విన్నాను.

మనదే. తూర్పు కనుమల్లో, హిమాలయ పాదాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో సహజంగా పెరుగుతుంది. అక్కడి నుంచి మయన్మార్, థాయ్‌లాండ్, వియత్నాం, దక్షిణ చైనా మీదుగా న్యూగినియా దాకా దీని సొంత ఊళ్లే. బయటి నుంచి వచ్చినవాటి గురించి మాట్లాడాలంటే, అరకు కొండల మీద నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియాది, దాని కింది కాఫీ ఆఫ్రికాది. వాటి గట్టు మీద ఎవరూ నాటకుండా మొలిచే చీపురు గడ్డిని పరాయిదనడం అన్యాయం.

కొండమీద ఎక్కడ వెతికితే దొరుకుతుంది?

గెడ్డల (కొండవాగుల) ఒడ్డున, లోయలోకి దిగే వాలుల్లో, అడవి అంచుల్లో, రోడ్డు కోసం తవ్విన గట్ల మీద, వదిలేసిన పోడు భూముల్లో. నేలలో తేమ ఉండాలి, నీరు మాత్రం నిలవకూడదు. అందుకే వాలు నేల దీనికి ఇష్టం. మన వైపు అనంతగిరి, అరకు, హుకుంపేట, పాడేరు, చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల కొండల్లో బాగా కనిపిస్తుంది. అరకు, పాడేరు ప్రాంతం సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. హిమాలయాల్లో ఇది 2,000 మీటర్ల వరకూ ఎక్కుతుంది. దట్టమైన చెట్ల కింద కూడా బతుకుతుంది కానీ ఆకులే ఎక్కువ, పూత తక్కువ.

రెల్లుగడ్డి, చీపురుగడ్డి, కొండచీపురు ఒకటేనా?

కాదు, మూడూ మూడు వేర్వేరు గడ్డులు. ఇక్కడ మిగతాచోట్ల చీపురు గడ్డి అన్నా అది కొండచీపురే.

రెల్లు నదుల ఇసుక తిన్నెల మీద, కాలవ గట్ల మీద పెరిగి దసరా రోజుల్లో తెల్లగా వెండిలా పూస్తుంది. దాని పూలకు పట్టులాంటి నూగు ఉంటుంది, గాలికి ఎగిరిపోతుంది. ఊడ్వడానికి పనికిరాదు.

మైదానంలో చీపురుగడ్డి అని పిలిచేది ఎండ భూముల్లో, చవుడు బీళ్లలో పెరిగే సన్నని, తీగలా గట్టిగా ఉండే గడ్డి. దాని పుల్లలతో కట్టిన చీపురు వాకిలికీ కళ్లానికీ బాగుంటుంది.

కొండచీపురు పువ్వులో పట్టునూగు ఉండదు. మిల్లీమీటరున్నర పొడవైన చిన్న చిన్న పూలు వేలకొద్దీ ఉండే, సన్నని కొమ్మల గుత్తి అది. నున్నని గచ్చు మీద మెత్తని దుమ్మును పట్టేది ఇదొక్కటే.

పూయనప్పుడు చూస్తే వెదురు పిల్లలా ఉంది. తేడా ఎలా తెలుస్తుంది?

కాడను అడ్డంగా కోసి చూడండి. వెదురు సాధారణంగా లోపల బోలుగా ఉంటుంది, కొండచీపురు కాడ నిండుగా ఉంటుంది. ఆకు కూడా గుర్తే: మూడు నాలుగు వేళ్ల వెడల్పు ఉండి, మొదట్లో కాడను చుట్టుకున్నట్టు గుండ్రంగా తిరిగి, కొసకు బల్లెంలా సన్నబడుతుంది.

## నాటే ముందు

మాది మైదాన ప్రాంతం. పొలం గట్టున వేయవచ్చా?

మొక్క బతుకుతుంది. నీరు పెడితే దుబ్బు కూడా బాగానే కడుతుంది. అయితే చీపురుకు పనికొచ్చే పొడవైన గుత్తి కావాలంటే పదునున్న నేల, మంచి వాన, చల్లని శీతకాలం కలిసి రావాలి. విజయనగరం, శ్రీకాకుళం మైదానంలో గట్టున నాలుగు దుబ్బులు ఇంటికి సరిపడా చీపుర్లిస్తే చాలనుకునేవారు వేసుకోవచ్చు. ఎకరాలకెకరాలు వేసి అమ్ముదామనుకుంటే మా సలహా: వద్దు. రాయలసీమ మెట్ట నేలల గురించి అడగనే వద్దు.

కాఫీ తోటలో మొక్కల మధ్య వేస్తే రెండు పంటలు వస్తాయి కదా?

రెండూ సగం సగం వస్తాయి. చీపురు గడ్డి వేళ్లు నేల పైపొరలో చాపలా అల్లుకుంటాయి. కాఫీ వేళ్లు తిండి తెచ్చుకునేదీ ఆ పొర నుంచే. పైగా కాఫీకి కావలసిన నీడలో చీపురు సరిగా పూయదు. తోట అంచుల్లో, వాగు గట్టున, కాఫీ వేయడానికి వీలులేని నిటారు వాలులో చీపురు వేసుకోండి. అక్కడ మట్టి జారకుండానూ ఉంటుంది.

విత్తనం చల్లాలా, పిలకలు నాటాలా?

పిలకలే. విత్తనం దుమ్ములా ఉంటుంది. మొలకెత్తినా నారు చాలా సన్నంగా వచ్చి కలుపులో కలిసిపోతుంది, కోతకు ఒక ఏడాది ఆలస్యమవుతుంది. వేల మొక్కలు కావాలనుకునే నర్సరీలకు విత్తనం సరిపోతుంది. రైతుకు మాత్రం బాగా పూసే పాత దుబ్బును గుర్తుపెట్టుకుని, దాని పక్కలనుంచి రెండు మూడు పిలకలున్న దుంప ముక్కలను వేరుచేసి నాటడమే మేలు. తల్లి ఎలా పూసిందో పిల్లా అలాగే పూస్తుంది. కాబట్టి గుర్తు పెట్టే పని శీతకాలంలో, పూత కనిపిస్తున్నప్పుడే చేయాలి. జూన్‌లో చూస్తే దుబ్బులన్నీ ఒకేలా ఉంటాయి.

ఎకరానికి ఎన్ని పిలకలు కావాలి?

రెండు మీటర్ల ఎడంలో నాటితే సుమారు 1,000. మీటరున్నర ఎడమైతే సుమారు 1,800. దగ్గరగా నాటితే మొదటి రెండు కోతలు ఎక్కువ వస్తాయి, తర్వాత దుబ్బులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. బాగా వాలున్న నేలలో వరసలను వాలుకు అడ్డంగా వేయండి, నిలువుగా వద్దు.

ఏ నెలలో నాటాలి? గుంత ఎంత ఉండాలి?

తొలకరి నిలకడగా పడ్డాక, జూన్ చివర నుంచి జూలై నెలాఖరులోగా. దుంప మునిగి పైన జానెడు కాడ మిగిలేంత గుంత చాలు. పై ఆకులు కత్తిరించి నాటితే తొందరగా తేరుకుంటుంది. తవ్విన పిలకలను అదే రోజు, కుదరకపోతే మర్నాడు నాటేయాలి. నీడలో తడి గోనె కింద ఉంచినా అంతకు మించి ఆగడం మంచిది కాదు.

## పెరిగే కాలం

మొదటి ఏడు పూత రాలేదు. పిలకలు చెడ్డవా?

కాదు. మొదటి ఏడు అది వేరు పట్టించుకునే పనిలో ఉంటుంది. అక్కడక్కడ ఒకటి రెండు గుత్తులు రావచ్చు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. అసలు కోత రెండో ఏడు మొదలై మూడు, నాలుగు ఏళ్లకు పతాక స్థాయికి చేరుతుంది.

ఎరువు ఏం వేయాలి? నీరు కట్టాలా?

నాటేటప్పుడు గుంతకు రెండు గుప్పెళ్ల పశువుల ఎరువు, తర్వాత ఏటా వానల ముందు మొదట్లో కాస్త మట్టి ఎగదోయడం. అంతకు మించి అడగదు. ఏజెన్సీ వర్షపాతంలో నీటి తడులు అక్కరలేదు. ఖర్చు పెట్టాల్సింది కలుపు మీద: మొదటి ఏడు రెండు మూడు సార్లు తీయకపోతే తుప్పల్లో మీ మొక్కలు మీకే దొరకవు. రెండో ఏటినుంచి దాని నీడే కలుపును అణచుతుంది.

పశువులు తినేస్తున్నాయి. మేపవచ్చా?

ఆకు మంచి పచ్చిమేతే. మిగతా గడ్డి ఎండిపోయే శీతకాలంలో కూడా ఇది పచ్చగా ఉంటుంది కాబట్టి నేపాల్ కొండ రైతులు దీన్ని మేతకోసమే పొలం గట్ల మీద పెంచుతారు. అయితే మొదటి ఏడు మేకను దగ్గరకు రానివ్వకండి, పిలక కొసలు కొరికేస్తే దుబ్బు లేవదు. తర్వాత కూడా పశువును తోలడం కన్నా కింది ఆకులు కోసి వేయడం మేలు. పూత కాడ పొట్టమీద ఉన్నప్పుడు పశువు నోరు పెడితే ఆ ఏటి చీపురు పోయినట్టే.

నిజంగా మట్టి కోతను ఆపుతుందా, లేక ఊరికే చెబుతారా?

ఆపుతుంది. నేపాల్‌లో కొండ రోడ్ల పక్క గట్లు జారిపోకుండా ఇంజినీర్లు నాటించే మొక్కల్లో ఇది ముఖ్యమైనది. అక్కడ దీన్ని అమ్రిసో అంటారు. వేళ్లు పైమట్టిని పట్టి ఉంచుతాయి, దుబ్బు మొదలు నీటి వేగాన్ని తగ్గించి కొట్టుకొచ్చిన మట్టిని అక్కడే నిలబెడుతుంది. అయితే లోతునుంచి కదిలే పెద్ద కొండచరియను ఏ గడ్డీ ఆపలేదు.

నాలుగైదేళ్లు బాగా వచ్చి ఇప్పుడు పూత తగ్గింది. ఎందుకు?

దుబ్బు నడుమ చూడండి, ఎండి బోడిగా ఉంటుంది. కొత్త పిలకలు ఏటికేడు బయటి అంచుకు జరుగుతాయి, మధ్యలో ముసలి దుంప మిగులుతుంది. వానల మొదట్లో తవ్వి, ఎండిన నడుమ భాగం పారేసి, అంచు ముక్కలను కొత్త గుంతల్లో నాటండి. తోట మొత్తాన్ని ఒకే ఏడు తవ్వితే ఆ ఏడు రాబడి సున్నా అవుతుంది. ఏటా నాలుగో వంతు చొప్పున మార్చుకుంటూ పోతే చేయి ఖాళీ కాదు.

కోత అయ్యాక తగలబెడితే బాగా చిగురిస్తుందంటారు. నిజమా?

కొన్ని ప్రాంతాల్లో అలా చేస్తారు, చిగుళ్లు వస్తాయి కూడా. కానీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన కొండల మీద ఎండుటాకు నేలనిండా ఉంటుంది. మీ చేనికి పెట్టిన మంట మీ చేను దగ్గర ఆగదు. పూసిన కాడలను మొదటికి కోసి, ఆ చెత్తనే దుబ్బుల మధ్య పరచండి. చిగుళ్లు అలా కూడా వస్తాయి, వేసవిలో పదును కూడా నిలుస్తుంది.

## కోత

పూగుత్తి కోతకు వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మన వైపు నవంబరు, డిసెంబరుల్లో గుత్తులు బయటపడతాయి. సంక్రాంతి దాటాక కోత మొదలై మార్చి దాకా సాగుతుంది. తేదీ కన్నా గుత్తిని చూడటం ముఖ్యం. ముదిరిన గుత్తి పూర్తిగా విచ్చుకుని, పచ్చదనం తగ్గి లేత పసుపుకో ఎర్రఛాయకో తిరుగుతుంది. కొమ్మను వేలికి చుట్టి వదిలితే విరగకుండా వెనక్కి రావాలి. పచ్చిగా కోసిన గుత్తి ఎండాక ముడుచుకుపోయి, పెళుసుగా మారి, నెల తిరక్కుండా చీపురు బోడిదవుతుంది. మరీ ఆలస్యమైతే పూలు రాలి, పుల్లలు మోటుబారతాయి. రెండింటి మధ్య ఒక దుబ్బుకు ఉండే గడువు రెండు మూడు వారాలే. కాడలన్నీ ఒకేసారి ముదరవు కాబట్టి ఒకే చేనులో రెండు మూడు విడతలుగా కోయాలి.

కోయాలా, పీకాలా? పీకితే పొడవు ఎక్కువ వస్తుంది కదా.

పొడవు వస్తుంది, నిజమే. పూకాడ పై ఆకు తొడుగు లోపలికి దిగి ఉంటుంది. దాన్ని పట్టి లాగితే లోపలి భాగం కూడా ఊడివచ్చి పిడికి పనికొస్తుంది. ఒక చేత్తో కాడను గట్టిగా పట్టుకుని రెండో చేత్తో పైకి లాగేవారి వల్ల దుబ్బుకు ఏమీ కాదు. ఇబ్బంది అంతా రెండు చేతులూ పూతను పట్టుకుని లాగినప్పుడు. తడి నేలలో కాడ మొదలుతో సహా లేస్తుంది. దానితో పాటు వచ్చే ఏడు మొలవాల్సిన మొగ్గలూ లేస్తాయి.

అందుకే కొడవలి వాడమంటాం. పూసిన కాడను మాత్రం నేలకు బెత్తెడు పైన కోసి, గట్టుకు తెచ్చాక తీరిగ్గా ఆకు ఒలిచి పూకాడ తీయండి. పొడవూ తగ్గదు, దుబ్బూ కదలదు. ఒకసారి పూసిన కాడ మళ్లీ పూయదు కాబట్టి దాన్ని కోయడానికి వెనకాడనక్కరలేదు. పూయని కాడల జోలికి మాత్రం వెళ్లకండి.

మా ఊళ్లో అందరూ పచ్చిగానే కోసేస్తారు. మేం ఒక్కళ్లం ఆగితే మాకు మిగలదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న అడిగినవారికి గుత్తి ఎప్పుడు ముదురుతుందో మనకన్నా బాగా తెలుసు. పచ్చిగా కోయడం తెలియనితనం వల్ల జరగడం లేదు. అడవి దుబ్బుకు కాపలా లేదు. ఈ రోజు నేను వదిలేస్తే రేపు పక్క ఊరివాళ్లు కోస్తారన్న భయం అందరికీ ఉంది. భయం ఉన్నచోట శిక్షణ తరగతులు పెట్టి లాభం లేదు. అధికారులూ సంస్థలూ మాటిమాటికీ 'అవగాహన కల్పించడం' గురించి మాట్లాడటం మాకు అందుకే నచ్చదు.

పని చేసే దారి ఒకటే: కోత ఎప్పుడు మొదలుపెట్టాలో ఊరు కూర్చుని నిర్ణయించుకోవడం. ఆ కొండను పంచుకునే పక్క ఊళ్లను కూడా అదే సమావేశానికి పిలవాలి, లేకపోతే మీ నిర్ణయం వాళ్లకు పండగ అవుతుంది. ఏ వాలు ఏ కుటుంబాలదో చాలా ఊళ్లలో నోటిమాటగా తెలిసే ఉంటుంది. దాన్ని గ్రామసభ తీర్మానంలో రాయించండి. 'ఫలానా రోజుకు ముందు ఎవరూ కొడవలి పట్టకూడదు, పట్టితే కోసిన కట్టలు ఊరికి చెందుతాయి' అన్నంత సులువైన నియమం చాలు. పెద్ద జరిమానాలు పెడితే ఎవరూ వసూలు చేయరు, నియమమే పోతుంది.

రెండో దారి, కొనేవాడిని కలుపుకోవడం. పచ్చి కట్టకూ ముదిరిన కట్టకూ ఒకే రేటు ఇస్తున్నంత కాలం ఎవరైనా ఎందుకు ఆగుతారు? పచ్చి గుత్తి బరువు కూడా ఎక్కువ తూగుతుంది, అంటే తొందరపడ్డవాడికే బహుమతి. ఎండిన సరుకునే తూకం వేసి కొంటామని కొనేవారు తేల్చి చెప్పిన చోట కోత దానంతటదే రెండు వారాలు వెనక్కి జరుగుతుంది.

ఈ రెండూ కుదరకపోతే మీ పోడు గట్టునో, ఇంటి వెనక వాలులోనో వంద పిలకలు నాటుకోండి. సొంత దుబ్బు ముదిరే దాకా ఆగవచ్చు.

కోత రోజుల్లో మబ్బు పట్టింది. కోయాలా, ఆగాలా?

ఆగండి. తడిసిన గుత్తి కోసి కుప్ప వేస్తే నల్లబడుతుంది. నిలబడి ఉన్న గుత్తి ఒక చిన్న వానకు పాడుకాదు, గాలికి ఆరిపోతుంది.

## ఎండబెట్టడం, కట్టడం, దాచడం

ఎన్ని రోజులు ఎండబెట్టాలి?

మంచి ఎండలో ఐదారు రోజులు. నేల మీద కన్నా బండ మీదో, టార్పాలిన్ మీదో పలచగా పరచి రోజూ తిరగేయాలి. సాయంత్రం మంచుకు ముందే ఎత్తి కప్పండి. అరకు లోయలో జనవరి మంచు ఒక చిన్న జల్లుతో సమానం. కాడను వంచితే చిటుక్కుమనాలి, గుత్తి మాత్రం మెత్తగానే ఉండాలి. ఎండాక కట్టను బండకు మెల్లగా తట్టి పొట్టు రాల్చితే సరుకుకు పేరు వస్తుంది. చాలామంది తట్టరు, తూకం తగ్గుతుందని.

ప్లాస్టిక్ పిడి వేయాలా, తాడుతో కట్టాలా?

పట్నం దుకాణం ప్లాస్టిక్ పిడి అడుగుతుంది. దాంట్లో ఒక కిటుకు ఉంది: పిడి లోపల పుల్లలెన్ని ఉన్నాయో కొనేవారికి కనిపించదు, తక్కువ పుల్లలతో లావుగా కనిపించేలా చేయవచ్చు. వెదురు బద్దతోనో ఇనుప తీగతోనో బిగించి కట్టినదానిలో ఆ దాపరికం కుదరదు. ఎక్కువకాలం నిలిచేది కూడా అదే. మీరు సంఘంగా కట్టి అమ్ముతుంటే రెండు రకాలూ ఉంచుకోండి, పిడి వేసినదానిలో కూడా పుల్లల లెక్క తగ్గించకండి.

వానాకాలం దాకా దాచితే ధర పెరుగుతుందా?

కోత రోజుల్లో సంతకు సరుకు ముంచెత్తుతుంది, అప్పుడే ధర పడుతుంది. తర్వాత లేస్తుంది. దాచే స్థలం ఉంటే ఆగడం లాభమే. నేలకు తగలకుండా అటక మీద, గుత్తులు పైకి కాకుండా పక్కకు పడుకోబెట్టి పేర్చండి. మన ఇళ్లలో పొయ్యి పొగ తగిలే అటక దీనికి చాలా మంచి చోటు, పురుగు చేరదు. మొత్తం దాచకుండా సగం అమ్మి సగం దాచండి. ఎలుక ఒక్క రాత్రిలో ఎంత పని చేస్తుందో మీకు తెలియనిది కాదు.

## అమ్మకం, హక్కులు

అడవిలో కోసుకోవడానికి అటవీ శాఖ అనుమతి కావాలా?

2006 నాటి అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(1)(సి) ప్రకారం, అడవిలో తరతరాలుగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయం (కలప కాకుండా మొక్కల నుంచి వచ్చేవి) మీద ఆ అడవిలో నివసించే షెడ్యూల్డ్ తెగలకూ, ఇతర సంప్రదాయ అటవీ నివాసులకూ యాజమాన్య హక్కు ఉంది. సేకరించడం, వాడుకోవడం, అమ్ముకోవడం అన్నీ అందులోకి వస్తాయి. 1996 నాటి పీసా చట్టం (పంచాయతీరాజ్‌ను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించిన చట్టం) కూడా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ యాజమాన్యాన్ని గ్రామసభకూ పంచాయతీకీ ఇవ్వాలంటుంది. హక్కు ఉండటం ఒకటి, చేతిలో కాగితం ఉండటం ఒకటి. మీ గ్రామసభ ద్వారా సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టి, అందులో కొండచీపురు పేరు విడిగా రాయించండి. పేరు లేకపోతే వాదన మొదలవుతుంది.

ఆటోలో తీసుకెళ్తుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపారు. ఏం చూపించాలి?

అటవీ హక్కుల చట్టం కింద మొదట వచ్చిన నియమాలు తలమోపు, సైకిలు, తోపుడుబండి వరకే ఒప్పుకున్నాయి. 2012 సవరణలో ఆ హద్దు తీసేశారు. రవాణా అనుమతి పత్రం ఇచ్చే అధికారం గ్రామసభ ఏర్పాటు చేసిన కమిటీకి లేదా గ్రామసభ అధికారం ఇచ్చిన వ్యక్తికి వచ్చింది. కాబట్టి కమిటీ ముద్ర, సంతకం, తేదీ, కట్టల సంఖ్య, వాహనం నంబరు ఉన్న పత్రం దగ్గర ఉంచుకోండి. హక్కు పత్రం నకలు కూడా పెట్టుకుంటే మాట తొందరగా తెగుతుంది. సొంత చేనులో పెంచినదైతే పట్టా నకలు, పంచాయతీ నుంచి ఒక ధ్రువపత్రం చూపించండి.

దీనికి మద్దతు ధర ఉందా?

ఉంది. చిన్నతరహా అటవీ ఫలసాయాలకు కేంద్రం 2013–14లో మొదలుపెట్టిన మద్దతు ధర పథకం జాబితాలో కొండచీపురు కూడా చేరింది. ధరను అప్పుడప్పుడూ సవరిస్తారు కాబట్టి ఇక్కడ అంకె వేస్తే అది పాతబడి మిమ్మల్నే ఇబ్బంది పెడుతుంది. కోతకు ముందు దగ్గరి కొనుగోలు డిపో బోర్డు మీద ఈ ఏటి ధర చూసుకుని, ఫోనులో ఫొటో తీసుకోండి. సంతలో బేరమాడేటప్పుడు ఆ ఫొటో పనికొస్తుంది.

సంతలో షావుకారుకు అమ్మాలా, జీసీసీకి ఇవ్వాలా?

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కొండచీపుర్లు కొంటుంది, తన దుకాణాల్లో అమ్ముతుంది కూడా. అక్కడ తూకం, ధర తెలిసినవి. షావుకారు దగ్గర డబ్బు వెంటనే చేతికి వస్తుంది, కొన్నిసార్లు ముందుగానే. ఆ ముందుగానే అన్నది జాగ్రత్తగా చూడండి. కోతకు ముందు తీసుకున్న అప్పుకు సరుకు కట్టేస్తామని ఒప్పుకుంటే ధర చెప్పేది ఆయనే. అప్పు లేకపోతే రెండు చోట్లా అడిగి ఎక్కువ ఎక్కడొస్తే అక్కడ ఇవ్వండి. స్వయం సహాయక సంఘాలు కలిసి నడిపే వన్ ధన్ కేంద్రం దగ్గర్లో ఉంటే పుల్లలుగా కాక చీపుర్లుగా కట్టి అమ్మవచ్చు. కట్టుకూలి మీకే మిగులుతుంది.

## ఇంట్లో వాడేవారికి

కొత్త చీపురు ఊడ్చినకొద్దీ పొట్టు రాలుతోంది. నాసిరకమా?

కాదు, అది పువ్వుల పొట్టు. కొత్తదానికి కొంత తప్పదు. వాడే ముందు పెరట్లోకో మేడ మీదికో తీసుకెళ్లి గోడకు మెల్లగా తట్టండి. తర్వాత పాత దువ్వెనతో పైనుంచి కిందికి దువ్వండి. ఒకసారి గుత్తి వరకే నీళ్లలో ముంచి, దులిపి, నీడలో తలకిందులుగా వేలాడదీస్తే చాలా వరకు పోతుంది. ఉబ్బసం ఉన్నవారు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది.

వారాలు గడిచినా పొట్టు ఆగకుండా, పుల్లలు కూడా తునిగి పడుతుంటే మాత్రం అది పచ్చిగా కోసిన సరుకు.

కొనేటప్పుడు మంచిదో కాదో ఎలా చూడాలి?

గుత్తిని అరచేతికి నొక్కి వదలండి; తిరిగి లేవాలి. లేత పసుపు, లేత ఆకుపచ్చ కలిసిన రంగు మంచిది. నల్ల మచ్చలుంటే తడిసిన సరుకు. మరీ పచ్చగా మెరుస్తుంటే రంగు వేశారేమో తడిగుడ్డతో తుడిచి చూడండి. పిడి దగ్గర నొక్కితే లోపల బోలుగా అనిపించకూడదు.

తడి నేల మీద వాడవచ్చా?

వద్దు. బాత్‌రూముకు, వాకిలికి కొబ్బరి ఈనెల చీపురు ఉంది. కొండచీపురు తడిస్తే పుల్లలు అతుక్కుని బూజు పడతాయి.

చీపురును నిలబెట్టకూడదంటారు. ఏదైనా కారణం ఉందా?

నమ్మకం సంగతి మీ ఇష్టం. గుత్తి నేలకు ఆనేలా నిలబెడితే బరువంతా కొసల మీద పడి అవి ఒక పక్కకు వంగిపోతాయి, ఇక మూలల్లో దుమ్ము అందదు. పడుకోబెట్టండి, లేదా పిడికి తాడు కట్టి మేకుకు తగిలించండి.

దీన్ని ఇంటి ముందు అందం కోసం పెంచవచ్చా?

పెంచవచ్చు. వెడల్పాటి ఆకులతో వెదురు పొదలా కనిపిస్తుంది కాబట్టి చాలా దేశాల్లో తోటల్లో పెంచుతున్నారు. హైదరాబాదులోనైతే మధ్యాహ్నపు ఎండ తగలని చోట, రోజూ నీరు అందేలా నేలలో వేయండి. కుండీలో వేస్తే ఏడాదికి కుండీ నిండిపోయి పగలగొట్టే పరిస్థితి వస్తుంది. పూత మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

అరిగిపోయిన చీపురును ఏం చేయాలి?

ప్లాస్టిక్ పిడి, తీగ తీసేసి పుల్లలను ముక్కలు చేసి ఎరువు గుంతలో వేయండి, మట్టిలో కలిసిపోతాయి. దానికి ముందు బూజు దులపడానికి పొడవాటి కర్రకు కట్టుకుంటే ఇంకో ఏడాది పని చేస్తుంది.